తొంభైతొమ్మిది తెల్ల గుండీలు

తేదీ, స్థలం: రెండూ విడిచిపెట్టడమైనది.

సరుకుల యార్డుకు మేనేజరు, రేపటి విచారణకు అధ్యక్షుడు, ఒకప్పుడు నా తరగతిలో మొదటి బల్ల మీద కుడిచివర కూర్చున్న విద్యార్థి అయిన చిరంజీవికి, ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి ప్రస్తుతం ఇంటిపట్టున ఉంటున్న మీ మాస్టారు అనేక ఆశీస్సులతో రాయునది.

ఇక్కడ నేనూ, మా ఆవిడా క్షేమం. అక్కడ నువ్వు, నీ భార్యాబిడ్డలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. క్షేమసమాచారాలకు ఇంతకు మించి చోటు ఇవ్వలేను. రేపు ఉదయం పది గంటలకు నీ గదిలో విచారణ మొదలవుతుంది; ఈ ఉత్తరం అంతకు ముందే నీ చేతికి అందాలి. ఆ గదిలో ఒక మనిషి తన పనినీ, తన లైసెన్సునూ పోగొట్టుకోబోతున్నది. ఆ లైసెన్సు ఒకసారి రద్దయితే ఇంకే యార్డులోనూ ఆమె క్రేను ఎక్కలేదు. అందుకు ఆధారంగా నీ ఫైలులో ఉన్న కాగితాలు రెండే రెండు. ఒకటి యంత్రం ఇచ్చిన చీటీ. రెండోది నేను ఇచ్చిన ధ్రువపత్రం.

నీ సోమవారపు ఉత్తరం నా ఎదుట ఉన్నది. విషయంలోకి పోయే ముందు ఒక మాట. అందులో నువ్వు “యంత్రము చేత మోగబడినది” అని రాశావు. మోగడం అకర్మక క్రియ. దానికి కర్మణి ప్రయోగం లేదు. యంత్రం మోగుతుంది, అంతే. ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా క్రియకు లేని కర్మను తెచ్చిపెట్టలేవు. ఎర్రపెన్సిలుతో దిద్ది ఉంచాను, తీరిక చిక్కినప్పుడు తీసుకుపో.

ఇక విషయం. ఈ ఉత్తరం ఇతరుల చెవిన కూడా పడవచ్చును గనుక జరిగినది మొదటినుంచి రాస్తున్నాను. గడచిన గురువారం ఉదయం మీ గేటు దగ్గర ఒక క్రేన్ ఆపరేటరు, తాగి ఉన్నారేమో చూసే ఊదుడు యంత్రంలో ఊదగా అది మోగింది. నువ్వు అక్కడే ఉన్నావు. రెండోసారి ఊదించావు, మళ్లీ మోగింది. ఆమెను అప్పటికప్పుడే పని నుంచి తప్పించావు. తాగినవారు పదిమంది ఊదితే ఆ యంత్రం తొమ్మిదిమందిని పట్టుకుంటుందనీ, కాబట్టి ఆమె తాగి ఉండే అవకాశం పదింట తొమ్మిది అనీ, “మీరు మాకు నేర్పినట్లే” లెక్క కట్టాననీ, ఫైలు కోసం రెండు ముక్కలు రాసి సంతకం చేసి ఇవ్వమనీ అడిగావు.

ఇచ్చాను. కిరాణా చీటీ రాయడానికి కూడా రెండుసార్లు చిత్తుప్రతి తీసే మనిషిని, మీ ఆఫీసు బంట్రోతు గుమ్మంలో ఒక చెప్పు విడిచి రెండో చెప్పు విడవాలా వద్దా అని ఆలోచించేలోగా రాసి ఇచ్చాను. “మీ గణన సరైనదే” అని రాసి, కింద పేరు, దాని కింద “విశ్రాంత గణితోపాధ్యాయుడు” అని గీత గీసి మరీ సంతకం పెట్టాను.

ఆ ధ్రువపత్రం తప్పు. దానిని ఈ ఉత్తరం ద్వారా ఉపసంహరించుకుంటున్నాను. డెబ్బై మూడేళ్ల వయసులో, తొందరలో జరిగిన పొరపాటుగా దానిని గ్రహించవలసింది.

పొరపాటు ఎలా బయటపడిందో చెబుతాను. నిన్న, అనగా బుధవారం, పొద్దున తొమ్మిదింటికి ఎవరో తలుపు తట్టారు. మా ఆవిడ వెళ్లి తీసి, వెనక్కి తిరిగి, “ఏవండీ, సగం వచ్చిందండీ” అన్నది. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. తరగతిలో మీరంతా ‘సగం’ అని పిలిచిన పిల్ల. మూడో బల్ల, కిటికీ పక్క. ఆ పేరు ఎందుకు వచ్చిందో నీకు గుర్తుండే ఉంటుంది. ఆ సంగతి ఇప్పుడు అప్రస్తుతం. నీ ఉత్తరంలో ‘ఒక క్రేన్ ఆపరేటరు’ అని మాత్రమే ఉన్నది. ఆ ఆపరేటరు ఆమేనని నాకు ఆ గుమ్మంలోనే తెలిసింది.

కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నది. ఏడవలేదు. నిన్ను గానీ, నన్ను గానీ ఒక్క మాట అనలేదు. సంచిలోంచి విచారణ నోటీసు తీసి, దానికి జతపరిచిన నా ధ్రువపత్రం నకలును బల్ల మీద పెట్టి, ముడతలు అరచేత్తో సరిచేసింది. పదకొండేళ్లుగా క్రేను నడుపుతున్నాననీ, ఇంతవరకు ఒక్క పెట్టెకు గీత పడలేదనీ, మోగిన మరుక్షణమే రక్తపరీక్ష చేయించమని తానే అడిగాననీ చెప్పింది. నర్సు ఉద్యోగం ఎత్తేశారనీ, పదింట తొమ్మిది తేలాక పరీక్ష ఎందుకనీ నువ్వు అన్నావట. ఆమే తన ఖర్చుతో చేయించుకుందామని బయలుదేరితే, కాగితాల మీద సంతకాలంటూ నీ ఆఫీసు బయట సాయంత్రం దాకా కూర్చోబెట్టారట. ఆ తర్వాత రక్తంలో ఏముంటుంది, ఏం తేలుతుంది?

“నేను తాగలేదని మీరు నమ్మక్కర్లేదు మాస్టారూ. నమ్మకం లెక్క కాదని మీరే అనేవారు కదా. లెక్కను కొమ్మలుగా విడదీసే ఆ చెట్టుబొమ్మ గీసి చూడండి, చాలు.”

గీసి చూసిన తర్వాతనే సంతకం పెట్టానని బదులు చెప్పాను.

“అయితే ఆ కాగితం ఏది, మాస్టారూ?”

నా దగ్గర ఏ కాగితమూ లేదు. వంటింట్లోంచి మా ఆవిడ, “పిల్ల అడుగుతోందిగా, చూపించండి మరి” అన్నది. కళ్లజోడు వెతుక్కుంటున్నట్లు నటించాను. అది నా ముక్కు మీదనే ఉన్నది. ఆ పిల్ల లేచి, కుర్చీని తీసిన చోటనే సరిగ్గా పెట్టి వెళ్లిపోయింది.

అన్నం సయించలేదు. రెండు గంటల ఎండలో గొడుగు వేసుకుని మీ యార్డు గేటు దాకా నడిచాను. మీరందరూ గేటు మామ అని పిలిచే కాపలాదారుకు నేను ముందునుంచీ తెలుసు. అతని ఇద్దరు కూతుళ్లకూ ఎక్కాలు నేర్పింది నేనే. యంత్రం గురించి అడిగితే నవ్వాడు. “దానికి నిజం కంటే అబద్ధమే బాగా వచ్చు మాస్టారూ. మోగితే నేను దాని నెత్తిన ఒక్కటి మొట్టి, మనిషిని నోరు పుక్కిలించి రమ్మంటా. అరగంట కూర్చోబెట్టి మాట్లాడిస్తా. తాగినోడెవడో తాగనోడెవడో నాకు తెలీదా? ఆ రోజు మేనేజరుగారు పక్కనే నిలబడ్డారు. మొట్టడానికి చెయ్యి రాలేదు.”

ఇది నీకు కొత్త సంగతి అని నాకు తెలుసు. రాయవచ్చునా అని అడిగే రాస్తున్నాను. రాసుకోమన్నాడు. సర్వీసు ఇంకా నాలుగు నెలలేననీ, ఆ పిల్ల పెట్టెలు దించుతుంటే వాటి కిందనే తాను పదకొండేళ్లు టీ తాగాననీ అన్నాడు. అంతకంటే గట్టి సాక్ష్యం నేను వినలేదు. అయినా అది సాక్ష్యమే గాని లెక్క కాదు. నాకు లెక్క కావాలి.

లెక్క అతని బల్ల కిందనే దొరికింది. బల్ల కోళ్లలో ఒకటి పొట్టిది. దాని కింద ఎత్తు కోసం పెట్టిన లావుపాటి పుస్తకమే మీ నర్సమ్మ రాసిన రిజిస్టరు. రెండేళ్ల కిందట బీమావారి ఒత్తిడి మీద, యంత్రం మోగినా మోగకపోయినా, ఊదిన ప్రతివారి దగ్గరా ఆమె రక్తం తీసి పరీక్షించింది. మొత్తం వెయ్యి పరీక్షలు. ఒక్క కొట్టివేత లేని దస్తూరి. బల్ల కోడు గుర్తు అట్ట మీద గుండ్రంగా పడింది గాని లోపలి అంకెలు చెక్కుచెదరలేదు. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉన్నది. బల్ల కింద నీ పాత పాఠ్యపుస్తకాలు ఏవైనా పెట్టించు.

ఈ ఉదయం చెట్టుబొమ్మ గీశాను. కాగితం మీద గీసి, నమ్మకం చాలక, మా ఆవిడ గుండీల డబ్బా అడిగాను. నలభై ఏళ్లు చొక్కాలు కుట్టిన మనిషి. ఆ డబ్బాలో లేని గుండీ లేదు. నేను చెప్పకముందే పది నల్లవి ఏరి ఒకవైపు పెట్టింది. తెల్లవి పదేసి చొప్పున కుప్పలు పోసింది. తొంభైతొమ్మిది కుప్పలు. బల్ల చాలక మంచం మీద కూడా పరిచింది.

నువ్వూ గీయి. గుమస్తా చేత గీయించవద్దు. ఎడమవైపు వేరు: వెయ్యిమంది. వేరు నుంచి రెండు కొమ్మలు: పైది తాగినవారు, పదిమంది, కిందిది తాగనివారు, తొమ్మిదివందల తొంభైమంది. ఒక్కొక్క కొమ్మకు రెండేసి రెమ్మలు: మోగింది, మోగలేదు. రిజిస్టరు ప్రకారం తాగిన పదిమందిలో తొమ్మిదిమందికి మోగింది. యంత్రాన్ని అమ్మినవాడు చెప్పినదీ, నువ్వు చదివినదీ అంతవరకే. కింది కొమ్మ చూడు. చుక్క ముట్టని తొమ్మిదివందల తొంభైమందిలో పదింట ఒకరికి మోగింది. కుప్పకు ఒక్కొక్కటి చొప్పున మా ఆవిడ తీసి పక్కన పెట్టింది. తొంభైతొమ్మిది తెల్ల గుండీలు.

ఇప్పుడు యంత్రం మోగినవారిని మాత్రమే ఒకచోట చేర్చు. తొమ్మిది నల్లవి, తొంభైతొమ్మిది తెల్లవి; వెరసి నూట ఎనిమిది. వాటిని ఒక గిన్నెలో వేసి కళ్లు మూసుకుని ఒకటి తీస్తే, అది నల్లది అయ్యే అవకాశం నూట ఎనిమిదింట తొమ్మిది. అనగా పన్నెండింట ఒకటి.

పదింట తొమ్మిది అని నువ్వు రాశావు. నేను సంతకం చేశాను. ఉన్నది పన్నెండింట ఒకటి.

తాగినవారిలో ఎందరికి మోగుతుందన్నది ఒక ప్రశ్న. మోగినవారిలో ఎందరు తాగారన్నది వేరొక ప్రశ్న. కాకులన్నీ నల్లనివే, అంతమాత్రాన నల్లనివన్నీ కాకులు కావు. నువ్వు పై కొమ్మ మీదనే కూర్చుని లెక్క ముగించావు. కింది కొమ్మ ఎంత లావుగా ఉన్నదో తొంగి చూడలేదు.

రెండోసారి కూడా మోగింది కదా అంటావు. అదే యంత్రం, అదే నోరు, అదే నిమిషం. మొదటిసారి ఏ కారణం చేత తప్పుగా మోగిందో ఆ కారణం అక్కడే ఉన్నది. ఒకే సాక్షిని రెండుసార్లు అడిగితే ఇద్దరు సాక్షులు కారు. నెత్తిమీద టన్నుల బరువు వేలాడదీసే మనిషి విషయంలో పన్నెండింట ఒకటి కూడా ప్రమాదమే కదా అని కూడా అంటావు. ఒప్పుకుంటాను. ఆ ఉదయం ఆమెను క్రేను ఎక్కనివ్వకపోవడం జాగ్రత్త. రేపు ఆమె లైసెన్సు తీసివేయడం శిక్ష. జాగ్రత్తకు పన్నెండింట ఒకటి చాలు, శిక్షకు చాలదు.

ఆమె తాగలేదని ఈ చెట్టు చెప్పదు. నేనూ చెప్పను. రక్తపరీక్ష తానే అడిగిన మనిషి తాగి ఉంటుందా అన్నది ఇంకొక కొమ్మ. దానికి నా దగ్గర అంకె లేదు గనుక గీయను. ఉన్న అంకెలతో చెప్పగలిగినది ఇది: నీ దగ్గర ఆధారం లేదు. అందువల్ల నేను కోరేవి మూడు. నా ధ్రువపత్రం ఫైలులోంచి తీసివేయి. ఆమెను పనిలోకి తీసుకో. ఇకమీదట యంత్రం మోగితే, ఆ గంటలోనే రక్తపరీక్ష అయ్యేవరకు ఎవరినీ దోషి అనకు.

సరైన చెట్టుబొమ్మను వేరే కాగితం మీద స్కేలుతో గీసి, రిజిస్టరుతో సహా జతపరిచాను.

ఇట్లు,
నీ శ్రేయస్సు కోరే,
మీ లెక్కల మాస్టారు

తా.క. సంతకం అయిన తర్వాత, అలవాటు ప్రకారం, ఉత్తరాన్ని పైకి చదివాను. కంటికి దొరకని తప్పు చెవికి దొరుకుతుందని మీకు చెప్పేవాణ్ణి. మా ఆవిడ గుండీలు డబ్బాలో వేస్తూ విన్నది. చదవడం ముగిశాక అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నాను.

“పొరపాటు అని రాశారేం?”

కలం మూత మళ్లీ తీయవలసి వచ్చింది.

నిన్న వచ్చిన ఆ పిల్ల గుమ్మం దాటుతూ అన్న మాట ఒకటి పైన రాయలేదు. “అప్పుడు కూడా మీరు చెట్టు చూపించలేదు మాస్టారూ” అన్నది.

ఇరవై రెండేళ్ల కిందట, మీ చివరి సంవత్సరపు పరీక్షలో నేనిచ్చిన ఆఖరి లెక్క నీకు గుర్తుండదు. నాకు ఉన్నది. ఒక కార్ఖానాలో నూరు దీపాలకు పది చెడ్డవి. పరీక్షించే పనివాడు చెడ్డవాటిలో పదింట తొమ్మిదిని పట్టుకుంటాడు, మంచివాటిలోనూ పదింట ఒకదానిని పొరపాటున తీసిపారేస్తాడు. తీసిపారేసిన దీపం నిజంగా చెడ్డది అయ్యే అవకాశం ఎంత? తరగతి మొత్తం, నీతో సహా, నేను చెప్పిన ప్రకారం పదింట తొమ్మిది అని రాశారు. ఆ పిల్ల ఒక్కతే చెట్టుబొమ్మ గీసి ‘సగం’ అని రాసింది. సున్నా వేశాను. నిలబెట్టి, సగం బుర్రకు సగమే తోస్తుందన్నాను. మీరందరూ నవ్వారు. ఆమె, “చెట్టు గీసి చూపించండి మాస్టారూ” అన్నది. గంట కొట్టేవరకు బయట నిలబెట్టాను. పేరు ఆ రోజు పెట్టినదే. అది నీ వెంట యార్డుకు కూడా వచ్చి ఉంటుంది.

ఆ సాయంత్రమే మా ఆవిడ ఇదే డబ్బాలోంచి నూరు గుండీలు తీసి పరిచింది. పది నల్లవి, తొంభై తెల్లవి. తొమ్మిది నల్లవి ఇటు వచ్చాయి, తొమ్మిది తెల్లవి ఇటే వచ్చాయి. “ఆ పిల్ల చెప్పిందే నిజంలా ఉందండీ” అన్నది. నేను గుండీలన్నీ అరచేత్తో ఊడ్చి డబ్బాలో పోసి మూత పెట్టాను. మరునాడు ఫలితాలు గోడకు అంటించాలి. దిద్దితే మాస్టారు తప్పు చెప్పాడంటారు. దిద్దకపోతే పిల్ల తప్పు రాసిందంటారు. రెండోది ఎంచుకున్నాను.

ఆ లెక్కకు పది మార్కులు. మొదటి స్థానంలో ఉన్న నీకూ, రెండో స్థానంలో ఉన్న ఆమెకూ తేడా ఏడు. నీ జవాబు కొట్టివేసి ఆమె జవాబుకు మార్కులు వేసి చూడు. కాలేజీలో ఉచిత సీటు ఒక్కటే ఉన్నది. ఆమె మీ యార్డులో పెట్టెలు లెక్కపెట్టే పనిలో చేరి, తర్వాత క్రేను నేర్చుకున్నది. ఇందులో నీ దోషం ఏమీ లేదు. నేను నేర్పినది నువ్వు రాశావు. మొన్న సోమవారం కూడా నేను నేర్పినదే రాశావు.

సోమవారం నీ ఉత్తరం చదివినప్పుడే అది తప్పని నాకు తెలుసు. “మీరు మాకు నేర్పినట్లే” అన్న మాట అందులో లేకపోతే కాదని రాసి ఉండేవాణ్ణి. కాదంటే పాత చెట్టు కూడా గీయవలసి వస్తుంది. వయసూ కాదు, తొందరా కాదు. తెలిసి చేసిన సంతకం. ఆ ఆపరేటరు ఎవరో తెలిసి ఉంటే చేసేవాణ్ణి కాదని రాద్దామనుకున్నాను. ఆ మాటకు కూడా నా దగ్గర ఆధారం లేదు.

తేదీ వేయకపోవడానికి కారణం ఇప్పుడు చెబుతున్నాను. ఇరవై రెండేళ్ల కిందట రాయవలసిన ఉత్తరానికి ఈ రోజు తేదీ వేయడానికి చెయ్యి రాలేదు.

దీనిని మా ఆవిడ స్వయంగా తెస్తుంది, గుండీల డబ్బాతో సహా. నేను రాను. వస్తే మాట్లాడతాను, మాట్లాడితే ఎక్కడో ఒకచోట మళ్లీ నన్ను నేను కాపాడుకుంటాను. దీనిని ఫైలులో పెట్టవద్దు, ఒంటరిగా చదివి మడవవద్దు. తలుపు తెరిచి ఉంచి, ఆమె ఎదుట, గేటు మామ ఎదుట, అక్కడ ఉన్నవారందరి ఎదుట పైకి చదువు. పై భాగం వదిలినా ఫరవాలేదు గాని ఈ తాజా కలం ఒక్క ముక్క వదలకుండా చదువు. ‘సగం’ అన్న మాట వచ్చిన చోట కాస్త ఆగు. ఈ ఒక్కసారికి దానిని పేరులా కాక జవాబులా చదువు.